ఖాళీ బండి తూకం

ఆయన జ్ఞాపకార్థ కూడికలో పదకొండు మంది మాట్లాడారు. పదకొండు మందీ ఒకటే మాట అన్నారు, తగ్గింపు గల మనిషి అని, అంటే గర్వం లేనివాడని. నాకు ఆ మాట మీద అభ్యంతరం ఉంది. ఆ అభ్యంతరం అక్కడే, కోదాడలో ఆయన కూతురి ఇంటి ముందు వేసిన షామియానా కింద, లేచి నిలబడి చెప్పేవాణ్ణి. మాట్లాడేవాళ్ల జాబితాలో నా పేరు తొమ్మిదోది. మూడు నిమిషాలని ముందురోజు ఫోన్ చేసి మరీ చెప్పారు. మైకు పట్టుకున్న ఆయన అల్లుడు ఎనిమిదో పేరు పిలిచాడు, ఆ వెంటనే పదో పేరు పిలిచాడు. నేను రెండో వరుసలో, చేతిలో మడిచిన కాగితంతో కూర్చునే ఉన్నాను.

కూడిక అయ్యాక ఆయన కూతురు గేటు దాకా వెంట వచ్చింది. "తిని పో సార్" అంది. ఆకలి లేదని చెప్పి సూర్యాపేట బస్సెక్కాను. ఆకలి ఉంది.

అందుకే ఆ మూడు నిమిషాలూ ఇక్కడ తీసుకుంటున్నాను. కొంచెం ఎక్కువే అవుతుంది.

మా క్రైస్తవ మందిరంలో అందరూ ఆయన్ని కాంటాయన అనేవారు. మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు కాంటా మీద ముప్పై ఏళ్లు పనిచేశాడు. లారీ మొత్తం ఎక్కి నిలబడే పెద్ద ఇనుప పలక, దాని పక్కన అద్దాల గది, ఆ గదిలో ఆయన. వారమంతా మిల్లులోనే ఉండి శనివారం మధ్యాహ్నం బస్సుకు సూర్యాపేట వచ్చేవాడు. మనిషి సన్నం. జేబులో ఎప్పుడూ చీటీల కట్ట. ఆ తూచే అలవాటు మిల్లు గేటు దగ్గర వదిలి వచ్చేవాడు కాదు. చేతికి ఏది వచ్చినా దాని బరువు చెప్పేవాడు. పాటల పుస్తకం అందిస్తే ఒక్క క్షణం అరచేతిలో ఆడించి "నాలుగొందల గ్రాములు" అని, ఆ తర్వాతే పాట నంబరు అడిగేవాడు. తల్లులు వరస కట్టి పసిపిల్లల్ని ఆయన చేతుల్లో పెట్టేవారు. "ఆరు కిలోల మూడొందలు. పోయిన నెల కన్న తగ్గిండు. దగ్గా?" అనేవాడు. మిషన్ మీద పెట్టి చూస్తే యాభై గ్రాములకు మించి తేడా వచ్చేది కాదు. తేడా వచ్చినప్పుడు "మిషన్ సూపిచ్చుకోమను" అనేవాడు. తగ్గింపు గల మనిషి అనే మాట అన్న పదకొండు మందిలో ఈ సంగతి ఒక్కరూ చెప్పలేదు.

మాకు నెలలో మొదటి ఆదివారం ప్రభు బల్ల. ఆ రోజు రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ముందు ఎవరితోనైనా మనస్పర్ధ ఉంటే సరిచేసుకుని రావాలని మా సంఘంలో నియమం. నియమం అందరికీ తెలుసు. పాటించింది కాంటాయన ఒక్కడే. ఆ ముందు శనివారం బస్సు దిగి, ఇంటికి కూడా పోకుండా, చేతిసంచీతోనే నాలుగిళ్లు తిరిగేవాడు. లోపలికి రాడు. గేటు బయటే చెప్పులు విడిచి, గేటు పట్టుకుని నిలబడి ఒకే ప్రశ్న అడిగేవాడు.

"నా మీద ఏమన్న ఉన్నదా?"

లేదంటే మంచినీళ్లు అడిగి తాగి వెళ్లిపోయేవాడు. ఉందంటే విని, ఒప్పుకుని, ఆ తర్వాత నీళ్లు అడిగేవాడు. జవాబు రాకముందు నీళ్లు ముట్టేవాడు కాదు.

నాకు ఆయన మీద ఉంది. చాలా ఉంది.

మా కొత్త మందిరం కట్టిన రెండేళ్లూ కాగితాల పనంతా నేనే చేశాను. స్థలం అనుమతి, కరెంటు మీటరు, నల్లా, పక్కింటివాళ్ల అభ్యంతరం మీద సమాధానం, అన్నీ నా చేతిరాతే. మునగాల బడిలో పాఠాలు చెప్పి, సాయంత్రం బస్సు దిగి, ఏ ఆఫీసు బల్ల ముందు ఎన్నిసార్లు నిలబడ్డానో నాకు తెలుసు. ప్రతిష్ఠ రోజున కష్టపడ్డవాళ్లకు శాలువాలు కప్పుతామన్నారు. మా ఆవిడ పెళ్లినాటి పట్టుచీర తీసింది. సంఘ పెద్దగా కాంటాయన మైకు ముందు నిలబడి జాబితా చదివాడు. మూడో పేరు చదివాడు. ఒక్క క్షణం ఆగాడు. తర్వాత మేస్త్రీ పేరు చదివాడు. చివరిదాకా నా పేరు రాలేదు. జాబితాలో నాలుగో పేరు నాదేనని పాస్టరుగారే తర్వాత నాకు చూపించారు. "మరిచిపోయి ఉంటారు, పెద్దమనసు చేసుకోండి" అన్నారు. పెద్దమనసు ఎప్పుడూ పోగొట్టుకున్నవాడే ఎందుకు చేసుకోవాలో నాకు ఈరోజుకీ అర్థం కాదు.

ఆ ఆదివారం నుంచి వెనక వరుసలో, చెప్పులు విడిచే మెట్ల పక్కన, కూర్చోవడం మొదలుపెట్టాను. బల్ల రోజున రొట్టె పళ్లెం వస్తే తీసుకోకుండా పక్కవాళ్లకు దాటించేవాణ్ణి. పళ్లెం పట్టుకుని వరసలు తిరిగేది కాంటాయనే. నా ముందుకు రాగానే మిగతావాళ్ల దగ్గర కన్నా ఒక్క క్షణం ఎక్కువ ఆగేవాడు. నేను ఆయన చొక్కా గుండీల వైపు చూసేవాణ్ణి.

అయినా ప్రతి నెలా ఆ శనివారం మా గేటు దగ్గరికి వచ్చేవాడు.

"సార్, నా మీద ఏమన్న ఉన్నదా?"

"ఏం లేదన్నా."

"నిజంగ?"

"ఏముంటది? ఏం లేదు."

"సరే. జర మంచినీళ్లియ్యి సార్."

ఇట్లా రెండేళ్లకు పైనే జరిగింది. ఏం లేదని నేను అబద్ధం చెప్పడంలో నాకో తృప్తి ఉండేది. చెబితే క్షమించమంటాడు, అడిగాక క్షమించాలి. నేను ఆ అవకాశం ఇవ్వదలచుకోలేదు. మా ఆవిడ లోపల్నుంచి "రెండేండ్ల సంది గీ నీళ్లే తాపుతున్నవ్, ఒక్కనాడన్న చాయ్ పెట్టమనవైతివి" అనేది. పెట్టమనలేదు.

ఆ మధ్యలో ఒకసారి మిర్యాలగూడ పోవలసి వచ్చింది. మోతె ఊరి నుంచి మా బావమరిది ధాన్యం ట్రాక్టరు మిల్లుకు వస్తుంటే తోడు వెళ్లాను. ఎండ మండిపోతోంది, కాంటా ముందు వరస రోడ్డు దాకా ఉంది. అద్దాల గదిలో కాంటాయన కనబడ్డాడు. మన మనిషే కదా అని కిటికీ దగ్గరికి వెళ్లి "అన్నా, మాది జర ముందు చూడు" అన్నాను.

ఆయన తల ఎత్తలేదు. "లైన్ల నిలబడు సార్."

"గింత ఎండలనా?"

"ఎండ అందరికి ఉన్నది."

వరసలో నిలబడ్డాను. అక్కడి నుంచి చూశాను. ధాన్యం దించి వచ్చిన ఒక లారీని మళ్లీ కాంటా ఎక్కించమంటున్నాడు. ఎక్కేది లేదని డ్రైవరు. మిల్లు గుమాస్తా వచ్చి, "అదే బండి, మొన్ననే ఖాళీగ తూసినం కదా. ఆ బరువే ఏసి చీటీ ఇచ్చెయ్యి, బండ్లు ఆగినయ్" అన్నాడు.

"మొన్నటి ఖాళీ మొన్నటిదే" అన్నాడు కాంటాయన. "ఇయ్యాల డీజిల్ ఎంతున్నది? టైర్లకు మట్టి ఎంత పట్టింది? లోడుతోని ఒకసారి, ఖాళీగ ఒకసారి. బండి బరువు తియ్యకుండ గింజల బరువు ఎట్ల తెలుస్తది?"

"సేటు చెప్పిండు."

"సేటునొచ్చి కూసొమ్మను గీ కుర్చీల. నా చెయ్యి పడితే ఖాళీ తూగాల్సిందే. మిర్యాలగూడెంల ఏ కాంటా అన్న పట్టుకరా, నా చీటీల పది కిలోల తేడా సూపియ్యి, పొద్దుగాల్నే పని ఇడిసిపెట్టి పోత."

గుమాస్తా వెళ్లిపోయాడు. డ్రైవరు తిట్టుకుంటూ లారీని కాంటా ఎక్కించాడు. నేను ఎండలో నిలబడి ఒకటే అనుకున్నాను. ఎవరు ఈయన్ని తగ్గింపు గల మనిషి అన్నది? శనివారం మా గేటు పట్టుకుని నిలబడే మనిషి ఇక్కడ కుర్చీలో రాజులా కూర్చున్నాడు. ఇంటికి వచ్చి ఆ రాత్రే అర్జీ రాయడం మొదలుపెట్టాను. ఎందుకంటే నాకు అర్జీ రాయడం వచ్చు.

నాలుగు కాగితాలు. పదకొండు ఆరోపణలు. గౌరవనీయులైన సంఘ పెద్ద గారికి, అని మొదలుపెట్టి, వరుస సంఖ్యలు వేసి రాశాను. తర్వాతి బల్లకు ముందు శనివారం ఆయన గేటు దగ్గర ప్రశ్న అడగ్గానే "ఉంది" అన్నాను. కాగితాలు చేతికిచ్చాను. అలవాటుగా అరచేతిలో ఒకసారి ఆడించాడు.

"ఇరవై గ్రాములు" అన్నాడు. "సదువు సార్. నీ నోటితోని ఇంట."

మొదటిసారి గేటు దాటి లోపలికి వచ్చాడు. మెట్ల మీద పక్కపక్కన కూర్చున్నాం. నేను చదివాను. ఒక్కొక్కదానికి ఆగి జవాబు చెప్పాడు. నేను రాసిన క్రిస్మస్ నాటకాన్ని అడగకుండా కుదించినది: "నిజం. తప్పయింది." మా ఆవిడ ఆస్పత్రిలో ఉన్నప్పుడు చూడడానికి రాకపోవడం: "నిజం. తప్పయింది సార్, గది పెద్ద తప్పు." సంఘ సమావేశంలో నా మాటకు అడ్డం రావడం: "కాదు. నేను గానాడు మిర్యాలగూడెంల ఉన్న. గది ఇంకెవలో." తొమ్మిదోది, మిల్లు దగ్గర ఎండలో నిలబెట్టడం: "నిజం. కాని తప్పు కాదు."

చేయని తప్పుకు ఆయన క్షమాపణ చెప్పలేదు. అది నాకు కోపం తెప్పించింది. తగ్గింపు ఉన్నవాడు అన్నిటికీ తల ఊపాలి కదా అనుకున్నాను.

ఏడోది కావాలనే చివరికి దాచాను. ప్రతిష్ఠ రోజున నా పేరు మరిచిపోవడం.

"ఇది అబద్ధం" అన్నాడు ఆయన.

"అబద్ధమా? ఊరంతా చూసింది!"

"మరిచిపోలే సార్. సదివిన. నోట్లెకొచ్చింది. మింగిన."

ఆయన తన అరచేతులు చూసుకుంటూ చెప్పాడు. "ఆదివారం ఆదివారం నేను ఇటుకలు మోసిన. భుజం తోలు లేసింది. నువ్వు ఇస్త్రీ అంగీ ఏసుకోని నీడకు నిలబడి, గోడ వంకరున్నది, గోడ వంకరున్నది అంటుంటివి. నాలుగో పేరు నీది, ఆరో పేరు నాది. కాయితాలు మోసినోడు నా కన్న ముందా అనిపిచ్చింది. గంతే. ఒక్క నిమిషం. ఓర్వలేకపోయిన."

"మరి రెండేళ్ల సంది వచ్చి, నా మీద ఏమన్న ఉన్నదా అని అడుగుతున్నవ్?"

"గదే నా పాపం. అడుగుడు అల్కగ ఉంటది సార్, చెప్పుడు బరువు. నువ్వు ఏం లేదన్నప్పుడల్లా బతికిపోయిన అనుకుంట పోయిన. నాలుగిండ్లు తిరిగింది గీ ఒక్క ఇంటి కోసమే. తక్కిన మూడు తోడుకు."

తర్వాత ఇంకోటి చెప్పాడు. ఆ రెండేళ్లూ ఆయన కూడా రొట్టె తినలేదు. పళ్లెం మోసేవాళ్లు చివర్న, బల్ల వెనక తీసుకుంటారు. "మోసెటోడు తిన్నడా లేదా అని ఎవలు సూస్తరు సార్" అన్నాడు.

అప్పటికప్పుడు నేను క్షమించానని రాస్తే బాగుంటుంది. క్షమించలేదు. "అందరి ముందు మింగినవ్, అందరి ముందే చెప్పాలె" అన్నాను. "చెప్త" అన్నాడు. లేచి, గేటు దగ్గర ఆగి, నా చేతిలోని కాగితాల వైపు చూపించాడు. "లోడు తూకం అయింది సార్. ఖాళీ బండి ఎప్పుడు తూస్తవ్?"

ఆ రోజు నీళ్లు అడగలేదు. నేను ఇవ్వలేదు.

మర్నాడు బల్ల రోజున పళ్లెం నేను దాటించాను. ఈసారి బల్ల వెనక్కి కూడా చూశాను. ఆయన నిజంగానే తీసుకోలేదు.

తర్వాతి ఆదివారం, ఎవరి అనుభవం వాళ్లు చెప్పుకునే సాక్ష్యాల సమయంలో ఆయన మైకు దగ్గరికి నడిచాడు. చెప్పింది ఐదారు మాటలే. "ప్రతిష్ఠనాడు శాలువాల పేర్లు నేను సదివిన. నాలుగో పేరు సార్ ది. నేను మరిచిపోలే. ఓర్వలేక సదవలే. సార్ నన్ను మన్నించాలె, మీరంత గూడ మన్నించాలె." వచ్చి కూర్చున్నాడు.

ఆ తర్వాత జరిగింది చెబితే నా బాధ మీకు తెలుస్తుంది. మందిరమంతా కళ్లు తుడుచుకుంది. ముసలమ్మలు "ఎంత తగ్గింపు, ఎంత తగ్గింపు" అన్నారు. పాస్టరుగారు అనుకున్న బైబిలు వాక్యం పక్కనపెట్టి ఆయన్నే ఉదాహరణగా తీసుకుని ప్రసంగం చేశారు. ఆరాధన అయ్యాక జనం నా మీదుగా చేతులు చాపి ఆయన చేతులు పట్టుకున్నారు. నాతో ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, "పాపం సార్, మీకు అన్యాయం జరిగింది" అనలేదు.

నల్లా దగ్గర కాళ్లు కడుక్కుంటుంటే ఆయన వచ్చాడు. ముఖం పాలిపోయి ఉంది.

"సార్, ఘోరమైంది."

"ఇంకేం కావాలె? అందరు మెచ్చుకుంటిరి కదా."

"గదే చెప్తున్న. తప్పు చెప్పుకుందామని పోతే పేరొచ్చింది. నాకు లోపల మంచిగనిపిచ్చింది సార్. ఇంకో రెండు మాటలు చెప్తే బాగుండు అనిపిచ్చింది. మళ్ల నీ శాలువా నేనే కప్పుకున్న. ఇప్పుడేం జెయ్యాలె?"

ఆయన నిజంగా పరేషాన్‌లో ఉన్నాడు. ముఖం చూసి నాకు నవ్వొచ్చింది. ఆపుకుందామనుకున్నాను, ఆగలేదు. "దీనికి గూడ అర్జీ పెడత అన్నా" అన్నాను. ఆయన నన్ను చూశాడు, పాలిపోయిన ముఖంతోనే నవ్వు మొదలుపెట్టాడు. ఇద్దరం నల్లా కట్టేయడం మరిచిపోయి నవ్వాం. మా ఆవిడ వచ్చి కట్టేసింది.

ఆ రాత్రి నాలుగు కాగితాలూ మళ్లీ తీశాను. ఖాళీ బండి తూకం వేశాను. అంటే నేను నీడలో నిలబడ్డ రోజులు, ఏం లేదని అబద్ధం చెప్పిన శనివారాలు, గోడ వంకర అన్న మాట. గోడ నిజంగా వంకరే, అది తీయలేదు. మిగతావి తీశాను. పదకొండింటిలో నాలుగు మిగిలాయి. నాలుగింటికీ ఆయన తప్పయిందని ముందే అన్నాడు.

తర్వాతి బల్ల రోజున పళ్లెం నా ముందుకు వచ్చి ఆగింది. తీసుకున్నాను. ఆయన బల్ల వెనక్కి పోలేదు. అక్కడే, చెప్పుల మెట్ల పక్కన, నా ముందే ఒక ముక్క తీసుకుని నోట్లో వేసుకున్నాడు.

అప్పటి నుంచి ఆయన శనివారం ప్రశ్న మారింది. నా మీద ఏమన్న ఉన్నదా అని అడగడం మానేశాడు. గేటు పట్టుకుని నేరుగా "సార్, మొన్న నీ గురించి గిట్లన్న. అనకుండ ఉండాల్సింది" అని చెప్పి, ఆ తర్వాత నిలబడేవాడు. చెప్పడానికి ఏమీ లేని నెల "ఈ నెల ఖాళీ" అనేవాడు, కొంచెం గొప్పగానే. ఆ గొప్పను మళ్లీ తనే పట్టుకుని "సూసినవా, ఖాళీ అన్నప్పుడు గూడ ఎట్ల చెప్పిననో" అనేవాడు. మా ఆవిడ చాయ్ పెట్టేది. పని మానేసి కోదాడలో కూతురి దగ్గరికి పోయాక అదే శనివారం ఫోన్ చేసి చెప్పేవాడు.

ఇదీ నా అభ్యంతరం. ఆయన తగ్గింపు గల మనిషి కాదు.

కూడిక నుంచి వచ్చిన రాత్రి ఆయన అల్లుడి మీద ఒకటిన్నర కాగితం రాశాను. నిన్న శనివారం, ఇవాళ బల్ల. నిన్న పొద్దున ఖాళీ బండి తూచి కోదాడ బస్సెక్కాను. గేటు బయట చెప్పులు విడిచి, గేటు పట్టుకుని నిలబడ్డాను. కూతురు బయటికి వచ్చింది.

"అమ్మా, మొన్న ఆకలి లేదని పోయిన. ఆకలుండె. కోపంతోని పోయిన. తప్పయింది" అన్నాను. "ఇంకోటి మీ ఆయనతోని ఉన్నది. చిన్నదే."

అల్లుడు తలుపులో నిలబడి విన్నాడు. తల దించుకున్నాడు. "మీ పేరు చూశానండి. చూసే వదిలేశాను. మీరు నాలుగు కాగితాలు చదివిన సంగతి మావయ్య ఎప్పుడూ చెప్పి నవ్వేవారు. మీరు లేస్తే గంట పడుతుందని భయమేసిందండి. తప్పేనండి."

నేను ఒక్క క్షణం ఆలోచించాను. నిజం. కాని పూర్తిగా తప్పు కాదు. ఆ మాటే పైకి అన్నాను. ఆ అమ్మాయి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది.

"లోపలికి రా సార్. తినుకుంట చెప్పు ఆ మూడు నిమిషాలు."

అన్నం పెట్టింది. నేను జేబులోని కాగితం తీయలేదు. "మీ నాయిన తగ్గింపు గల మనిషి కాదమ్మా" అని మొదలుపెట్టాను. "మనందరి అంత గర్వం ఉండె ఆయనకు. ఒక పాలు ఎక్కువనే ఉండె. ఒక్కటే తేడా. మనం దాన్ని ఇంట్ల దాసుకుంటం. ఆయన నెలకొకసారి మోసుకొచ్చి మా గేటు కాడ దించి, ఎంతున్నదో సూసుకోని పోతుండె..." ఇటుకల సంగతి చెప్పాను, నల్లా దగ్గరి నవ్వు చెప్పాను. ఆగాను.

అల్లుడు ఫోన్ చూసుకున్నాడు. "రెండు నిమిషాల నలభై సెకన్లేనండి."

ఇంకా ఇరవై సెకన్లు నావే. అవి వదిలేసి అన్నం కలుపుకున్నాను.